టేకల్‌లో బోరు మోటారు చదువు

కంప్యూటరు నేర్చుకుందామని వెళ్ళి బోరు మోటార్లు చుట్టడం నేర్చుకుని వచ్చాను. ఈ మాట చెబితే ఇప్పటికీ కొందరు నవ్వుతారు. నాకూ నవ్వొస్తుంది. కానీ జరిగింది అదే.

ఎనిమిదేళ్ళ కిందటి సంగతి. కె.జి.ఎఫ్.లో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక చిన్న ప్రైవేటు బడి ఉండేది. అందులో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు లెక్కలు చెప్పేదాన్ని. ఏటేటా పిల్లలు తగ్గుతూ వచ్చి, ఒక వేసవి సెలవుల తర్వాత ఆ బడి మళ్ళీ తెరవలేదు. నేను బి.ఎస్సీ. చదివి పదేళ్ళు దాటింది. బి.ఎడ్. లేదు కాబట్టి ఇంకో బడిలో తీసుకోలేదు. మా ఆయన బంగారుపేటలో ఒక ఆఫీసులో గుమాస్తా. మా పాప అప్పుడు మూడో తరగతి. పొద్దున తొమ్మిదయ్యేసరికి తండ్రీ కూతుళ్ళిద్దరూ వెళ్ళిపోయేవాళ్ళు. ఆ తర్వాత సాయంత్రం దాకా నాకు ఏం చేయాలో తోచేది కాదు. శుభ్రంగా ఉన్న గిన్నెలు కిందికి దించి మళ్ళీ తోమిన రోజులున్నాయి.

ఒకరోజు మా ఆయన ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. టేకల్‌లో ఆడవాళ్ళకు ఆరు నెలల కంప్యూటరు శిక్షణ ఇస్తున్నారని అందులో ఉంది. "చూడు, పోయి రా. రైలు ఉండనే ఉంది కదా" అన్నాడు.

మా ఊరి పొద్దుటి రైలంటే బెంగళూరుకు పనికి వెళ్ళేవాళ్ళ రైలు. కూర్చునే చోట్లన్నీ ముందే మాట్లాడుకున్నట్టు ఉంటాయి. ఎవరి మూల వాళ్ళది, ఎవరి పేకాట వాళ్ళది, ఎవరి నిద్ర వాళ్ళది. నేను టేకల్‌లో దిగుతానంటే పక్కనున్నావిడ "టేకల్‌లోనా? అక్కడ ఏముందమ్మా?" అని అడిగింది. నాకూ తెలియదన్నాను. దిగి చూస్తే స్టేషను వెనక గుట్టలు గుట్టలుగా బండరాళ్ళు, వాటి కింద రాగి చేలు. పదిహేను నిమిషాలు నడిస్తే ఒక పాత గోడౌన్. ఒకప్పుడు ఎరువుల మూటలు నిల్వ చేసేవారట. గోడలకు కొత్తగా సున్నం వేసి, గదులుగా అడ్డం కట్టి దాన్ని శిక్షణ కేంద్రం చేశారు.

లోపల బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి నా అర్జీ చూసి, పెదవి విరిచింది. కంప్యూటరు సీట్లు ముందురోజే నిండిపోయాయట. కుట్టుపని కూడా నిండిపోయిందట.

"ఇంగ మోటారు వైండింగ్ ఒకటే ఉండాది మేడం. దాంట్లో ఐదుమందే చేరినారు."

"మోటారు వైండింగా? ఆడవాళ్ళకా?"

"ఆడవాళ్ళకే మేడం. ఇక్కడ అన్నీ ఆడవాళ్ళకే."

తిరుగు రైలు మధ్యాహ్నం దాటాక గాని లేదు. అంత దూరం వచ్చి ఒట్టి చేతులతో ఇంటికి పోవడానికి మనసొప్పలేదు. సరే, పేరు రాసుకోమన్నాను. అంతకుమించి పెద్ద ఆలోచన ఏమీ చేయలేదు.

వైండింగ్ గదిలో ఐదుగురు ఆడవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. వాళ్ళ ముందు మేస్త్రి ఉన్నారు. అరవై దాటిన మనిషి, సన్నగా, ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా. మా కె.జి.ఎఫ్. మనిషే. బంగారు గని నడిచిన రోజుల్లో అక్కడి వర్క్‌షాపులో మోటార్లు చుట్టేవారు. గని మూతపడ్డాక మాలూరులో సొంత దుకాణం పెట్టుకుని పదిహేనేళ్ళు నడిపారు. తమిళం, తెలుగు, కన్నడం మూడూ ఒకే వాక్యంలో మాట్లాడేవారు.

"వాంగమ్మా, కూర్చో. ఇద్దరిద్దరుగా చేయాల్సిన పని ఇది. నువ్వొస్తివి, లెక్క సరిపోయింది" అన్నారు.

అప్పటిదాకా జత లేకుండా కూర్చున్న ఆమె పక్కన నన్ను కూర్చోబెట్టారు. లక్కూరు దగ్గరి పల్లెటూరు ఆమెది. నలభై ఏళ్ళుంటాయి. మాలూరులో బస్సు మారి వచ్చేది. ఇంట్లో రెండు ఆవులు, ఎకరా మల్బరీ తోట, పట్టుపురుగుల పెంపకం. ఏడో తరగతితో చదువు మానేసింది. మీరెందుకు చేరారని అడిగాను.

"మా బోరు మోటారు ఏడాదిలో మూడుసార్లు కాలిపోయింది అమ్మణ్ణీ. తీసకపోతారు, చుట్టిస్తారు, దింపుతారు, మళ్ళా కాలిపోతాది. ఏల కాలిపోతాదని అడిగితే ఒగరూ చెప్పరు. అదేందో నేనే చూద్దామని వచ్చినాను."

ఆ గదిలో కావాలని వచ్చింది ఆమె ఒక్కతే. మిగిలిన మేమంతా సీట్లు దొరక్క చేరినవాళ్ళమే. ఆమెను నేను మొదటి రోజు నుంచే అక్కా అన్నాను.

బోరులోకి దింపే మోటారు మామూలు మోటారులా గుండ్రంగా ఉండదు. మూరన్నర పొడవున్న ఉక్కు గొట్టంలా ఉంటుంది. గొట్టం లోపలి గోడ పొడుగునా సన్నటి రంధ్రాలుంటాయి. ప్లాస్టిక్ తొడుగున్న రాగి తీగను ఒక రంధ్రంలోంచి అవతలికి తోసి, ఇంకో రంధ్రంలోంచి వెనక్కి తేవాలి. ఒక్కో రంధ్రంలో ఇన్నిసార్లని లెక్క ఉంటుంది. ఒక చుట్టు తక్కువైనా ఎక్కువైనా మోటారు సరిగా తిరగదు. అందుకే గొట్టానికి అటొకరు ఇటొకరు కూర్చుంటారు. ఇటునుంచి నేను తోస్తే అటునుంచి అక్క లాగుతుంది. అక్క తోస్తే నేను లాగుతాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని.

నేను లెక్కల టీచర్ని కదా, మేస్త్రి బోర్డు మీద వేసిన పటం నాకు అరగంటలో అర్థమైంది. ఏ తీగ ఏ రంధ్రంలోకి పోవాలో చూడకుండా చెప్పగలను. కానీ చేతులు మాట వినేవి కావు. తీగ మెలిపడేది. మెలిపడిన చోట లాగితే తొడుగు నలిగేది. అక్క సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. ఆమె చేతుల్లో తీగ నీళ్ళలా జారిపోయేది. పటం చూస్తే మాత్రం ముఖం తిప్పుకునేది.

"ఈ గీతలు నాకు ఎక్కవు అమ్మణ్ణీ" అనేది.

ఒక వారం చూసి మేస్త్రి బోర్డు తుడిచేశారు. "నీ ఇంట్లో పురుగులు గూడు కట్టేదానికి ఏం వేస్తావమ్మా?" అని అక్కను అడిగారు.

"చంద్రిక వేస్తాము."

చంద్రిక అంటే వెదురు తడిక మీద చుట్టలు చుట్టలుగా బద్దను నిలబెట్టి కట్టిన చట్రం. పండిన పురుగులను దాని మీద వదిలితే ఆ చుట్టల సందుల్లో గూళ్ళు కట్టుకుంటాయి.

"ఆ బద్ద యాడ మొదలవుతాది, యాడ ముగుస్తాది?"

"నడిమధ్యలో మొదలుపెట్టి, సందు సమంగా విడుస్తా బయటికి వస్తాము."

"ఇదీ అంతేనమ్మా. మూడు చంద్రికలు ఒకదాంట్లో ఒకటి కట్టినట్టు. మూడూ ఒకదాన్నొకటి తగలకూడదు. అవ్వళవుదాన్, అంతే" అని, నేలమీద సుద్దతో మూడు రంగుల చుట్లు వేసి చూపించారు.

అక్క చాలాసేపు వాటిని చూసింది. తర్వాత సుద్దముక్క అడిగి తీసుకుని, తనే మళ్ళీ వేసింది. ఒక్క గీత తప్పు పోలేదు. ఇరవై ఏళ్ళ పిల్లలకు కూడా ఎక్కని ఆ పటాన్ని ఆ మధ్యాహ్నం తర్వాత ఆమెకు మళ్ళీ చెప్పే అవసరం రాలేదు.

మా జత మొదటి మోటారు పూర్తి చేయడానికి పన్నెండు రోజులు పట్టింది. చుట్టడం అయిపోయాక దాన్ని నీళ్ళ తొట్టిలో ముంచి, ఒక పూట నానబెట్టి, కరెంటు నీళ్ళలోకి కారుతోందా అని మీటరు పెట్టి చూస్తారు. మిగతా రెండు జతలవీ బాగానే వచ్చాయి. మాది ముంచితే ముల్లు కిందికి పడిపోయింది. ఎక్కడో తీగ తొడుగు చిట్లిందని అర్థం.

మేస్త్రి మొదటి రోజే గాజులు, ఉంగరాలు తీసి పక్కన పెట్టమని చెప్పారు. అక్క గాజులను మోచేతి దాకా ఎగదోసి, పాతచీర పీలికతో గట్టిగా చుట్టుకునేది. పురుగులకు మేత వేసేటప్పుడు రోజూ చేసే అలవాటట. నేను చేతికి రెండు మట్టిగాజులు మాత్రం ఉంచుకున్నాను. మా అత్తగారు ఎప్పుడైనా వచ్చి చూస్తే ఏమంటారోనని కాదు, వట్టి చేతులతో నాకే ఏదోలా ఉండేది. అందులో ఒక గాజు అంచు ఎప్పుడో పెచ్చు ఊడింది. మోటారు తీగ విప్పుతూ పోతే తొమ్మిదో రంధ్రం దగ్గర, నా వైపు కొసన, సన్నగా గీరినట్టు కనిపించింది. ఎవరూ ఏమీ అనకముందే తెలిసిపోయింది.

"అక్కా, నా గాజే. నేనే చేశాను" అన్నాను. పన్నెండు రోజుల పని. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అక్క ఆ గీతను గోటితో తడిమి చూసింది. కోపగిస్తుందనుకున్నాను. ఆమె ముఖంలో ఏదో వెతుకుతున్న వస్తువు దొరికినప్పటి వెలుగు ఉంది.

"ఇంతే గీతకే ఇంత పెద్ద మోటారు పోతాదా?"

"పోతాదమ్మా" అన్నారు మేస్త్రి.

"అయితే మా మోటారు మూడుసార్లు ఇట్లనే పోయిండొచ్చు. ఎవరో తొందరలో గీరేసినారు. అంతే కదప్పా?"

"ఉండొచ్చు. లేకుంటే జాయింటు కాడ నీళ్ళు దిగుండొచ్చు."

"మొత్తం విప్పి మళ్ళా చుడదాం రా అమ్మణ్ణీ" అంది అక్క. చాప మీద తన చోట తను కూర్చుంది. ఈసారి ఏడు రోజుల్లో అయిపోయింది. నా గాజులకు ఆమె తన పీలికలో సగం చింపి ఇచ్చింది. తొట్టిలో ముంచితే ముల్లు కదలలేదు. ఆరోజు మేస్త్రి అందరికీ బన్నూ టీ తెప్పించారు.

ఆరు నెలలు ఇట్టే గడిచాయి. చివర రాత పరీక్ష ఉంటే మధ్యాహ్నం భోజనాల దగ్గర నేను అక్కకు చదివి వినిపించేదాన్ని. ఆమె ముద్ద తింటూ వినేది, విన్నది తన మాటల్లోకి మార్చుకుని తిరిగి నాకు చెప్పేది. ఆ చెప్పడం పుస్తకం కంటే బాగుండేది. మేమిద్దరం పాసయ్యాం. సర్టిఫికెట్లు ఇచ్చారు. నేను నాది బీరువాలో పెట్టాను. ఆ తర్వాత ఏం చేయాలో నాకు తెలియలేదు.

మార్చి నెలలో అక్క ఫోను చేసింది. "మా మోటారు మళ్ళా కాలిపోయింది అమ్మణ్ణీ" అంది. గొంతులో సంతోషం దాచుకోలేకపోతోంది. "బయటికి ఇయ్యద్దన్నాను. మనమే చుడదాము, రా."

నేను మేస్త్రిని అడిగి గోడౌన్‌లో చోటు సంపాదించాను. మూడు రోజులు ఇద్దరం కూర్చుని చుట్టాం. మోటారు దింపే రోజు వాళ్ళ ఊరు వెళ్ళాను. మల్బరీ తోట నీళ్ళు లేక ఆకులు వాలేసి ఉంది. బోరు దగ్గర మూడు కాళ్ళ ఇనుప చట్రం నిలబెట్టి, గొలుసు కప్పీ కట్టి, పైపులు దింపేవాళ్ళు నలుగురు సిద్ధంగా ఉన్నారు. చుట్టుపక్కల పొలాల వాళ్ళు కూడా ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. అక్క భర్త వక్కాకు నములుతూ గట్టు మీద కూర్చున్నాడు. మంచి మనిషి, మాట తక్కువ.

పైపులు దింపేవాళ్ళలో పెద్దవాడు నన్నూ అక్కనూ చూసి, "ఆడోళ్ళు చుట్టిన మోటారంట. అన్నా, ఇంగో గంటలో మళ్ళా పైకి లాగాల్సొస్తాది, గొలుసు విప్పేది వద్దు" అన్నాడు. అందరూ నవ్వారు. అక్క భర్త మాత్రం నవ్వలేదు.

మోటారును గొలుసుకు తగిలించి పైకెత్తబోయారు. అప్పుడు అక్క అడ్డం వెళ్ళి నిలబడింది.

"నిలపండప్పా. నీళ్ళు నింపినారా?"

"ఏం నీళ్ళమ్మా? లోపలికి పోతే నీళ్ళే కదా."

"మోటారు లోపల నింపాల. మంచి నీళ్ళు. గాలి ఉంటే బేరింగు అరిగిపోతాది. ఇన్ని దినాలు ఎట్ల దింపుతా వచ్చినారు? ఊరికే దింపేస్తా ఉన్నారా?"

పెద్దాయన గొలుసు వదిలి పక్కకు జరిగాడు. అక్క ఇంట్లోంచి బిందెతో తాగే నీళ్ళు తెచ్చి, మోటారు పక్కనున్న మర విప్పి, గరాటు పెట్టి మెల్లగా పోసింది. బుడగలు రావడం ఆగేదాకా మోటారును అటూ ఇటూ వంచమంది. వాళ్ళు వంచారు. తర్వాత వైరు జాయింటు తనే చేసింది. రబ్బరు పట్టీ చుట్టి, దాని మీద ఇంకోటి చుట్టి, గిన్నె నీళ్ళలో ముంచి చూసింది. అప్పటికి ఎవరూ నవ్వడం లేదు. పెద్దాయన దగ్గరికి వచ్చి వంగి, ఆ పట్టీ ఎటునుంచి ఎటు చుట్టిందో చూసి నేర్చుకున్నాడు.

పైపులన్నీ దింపేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. అక్క భర్త లేచి పోయి స్విచ్చి వేశాడు. బోరు గొట్టం కాసేపు గుర్రుమంది. గాలి వచ్చింది. ఎర్రమట్టి నీళ్ళు రెండు మూడు సార్లు ఉమ్మింది. తర్వాత ఒక్కసారిగా నిండుగా పోసింది. ఎవరూ అరవలేదు. అందరూ కొంచెం వెనక్కి జరిగారంతే. అక్క భర్త దోసిట్లో నీళ్ళు పట్టి ముఖం కడుక్కుని, "ఎన్ని దినాలు వస్తాదో చూద్దాం" అన్నాడు. ఆయన మెచ్చుకోవడం అలాగే ఉంటుందని అక్క తర్వాత చెప్పింది. ఆ మోటారు నాలుగేళ్ళు నడిచింది.

అది చూసి ఆ ఊరివాళ్ళు కాలిన మోటార్లు ఒక్కొక్కటే మాకిస్తూ వచ్చారు, వాటినీ గోడౌన్‌లోనే చుట్టాం. ఇంతలో కేంద్రంలో రెండో జట్టుకు పేర్లు రాసుకోవడం మొదలుపెట్టారు. వైండింగ్‌కు ముగ్గురే వచ్చారు. కోలారు నుంచి వచ్చే మేనేజరమ్మ మంచిదే గాని, లెక్క ప్రకారం నడవాల్సిన మనిషి. "పన్నెండుమంది లేకపోతే నడపలేను. ఈ గది కూడా కంప్యూటరుకే ఇచ్చేస్తాను" అంది. మేస్త్రికి కూడా సన్న తీగ కంటికి ఆనడం లేదు, మానేస్తానంటున్నారు. రెండు వారాలు గడువడిగాం.

అక్కకే తోచింది. "ఆడోళ్ళందరూ ఒగే చోట దొరికేది పాల డైరీలో" అంది. పల్లెల్లో పొద్దున ఆరున్నరకు పాలు పోయడానికి అందరూ వస్తారు. మేం ఒక ఆటోలో కాలిపోయిన మోటారు గొట్టం ఒకటి వేసుకుని వెళ్ళాం. డైరీ అరుగు మీద దాన్ని నిలబెట్టాం. నల్లగా మాడిపోయిన తీగలు, కాలిన ప్లాస్టిక్ వాసన. క్యాన్లు పట్టుకుని వరుసలో ఉన్నవాళ్ళు చూస్తున్నారు. నేను శిక్షణ గురించి సిద్ధం చేసుకున్న నాలుగు మాటలు చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు. అప్పుడు అక్క ముందుకొచ్చింది.

"ఈ ఏడాది మీలో ఎవరింట్లో మోటారు కాలింది?"

మొదట ఇద్దరు చేయెత్తారు. తర్వాత అందరూ.

"చుట్టించుకోని తెచ్చేకి ఎన్ని దినాలు పట్టింది?"

"పది దినాలు."

"మాది ఇరవై. చెట్లు వాలిపోయె."

"ఆ పది దినాలు బిందెలు మోసింది ఎవరు? మీ మొగోళ్ళా?"

వరుసంతా గొల్లుమంది.

"నేను ఏడో క్లాసు. మా మోటారు నేనే చుట్టినాను. ఇంగ మా ఊర్లో ఏడు మోటార్లు చుట్టినాను. ఇది బండ పని కాదమ్మా, పురుగులు మేపినట్టే. ఓపిక ఉండాల, చెయ్యి శుద్ధంగా ఉండాల. మనకు ఆ రెండూ ఉండాయి కదా."

ఆ ఒక్క అరుగు మీదే ఐదుగురు పేర్లిచ్చారు. అలా ఆరు ఊళ్ళు తిరిగాం. చివరికి పద్నాలుగు మంది అయ్యారు. గది మాకే ఉండిపోయింది.

మేస్త్రి వెళ్తూ తన మీటరు నాకిచ్చారు. ఇక నన్నే నేర్పమన్నారు. నేను ఒప్పుకున్నాను, కానీ ఒంటరిగా కాదు. ఈ పనికి రెండు కొసలూ కావాలి. అక్కను కూడా పెట్టుకోమని అడిగాను. మేనేజరమ్మ నిబంధనల పుస్తకం తీసింది. నేర్పేవాళ్ళు కనీసం పదో తరగతి పాసై ఉండాలి. "సహాయకురాలిగా అయితే పెట్టుకోగలను" అంది. నాకు కోపం వచ్చింది. నాకంటే బాగా చేసే మనిషి నాకు సహాయకురాలేమిటని. అక్క మాత్రం తేలిగ్గా తీసుకుంది.

"పది పాసైతే ఆయమ్మకు అడ్డమేముండాది? పాసవుతాను. నువ్వు చెప్పు."

ప్రైవేటుగా పరీక్ష కట్టింది. ఆదివారాలు నేను వాళ్ళ ఊరు వెళ్ళేదాన్ని. పురుగుల గదిలో ఆకు మేత వేస్తూ ఆమె చదివేది. పురుగులు ఆకు తినే చప్పుడు సన్నటి వానలా ఉంటుంది. ఆ చప్పుడులో బీజగణితం చెప్పాను. ఆమె అత్తగారు గుమ్మంలో కూర్చుని, ఏదో పురాణం విన్నట్టు తల ఊపుతూ వినేది. "ఆ ఎక్స్ ఎవరే? రోజూ వస్తాడు" అని ఒకసారి అడిగింది. మేం నవ్వి నవ్వి మేత బుట్ట కింద పడేశాం.

ఫలితాలు వచ్చిన రోజు నాకు భయం ఇంగ్లీషు గురించి. ఇంగ్లీషు గట్టెక్కింది. లెక్కల్లో డెబ్బై దాటాయి. సైన్సులో నపాసు! నేను నమ్మలేకపోయాను. ఏం రాశావక్కా అని అడిగితే, విద్యుత్ వలయం గీయమన్న ప్రశ్నకు బోరు మోటారు స్టార్టరు బోర్డు మొత్తం వేసిందట. మూడు ఫేజులు, రిలే, ఫ్యూజులు, ఎర్ర బటన్, పచ్చ బటన్. దానికే గంట పట్టింది. వెనక పేజీలు తిప్పే సమయం లేదు.

"ఒక బ్యాటరీ, ఒక బల్బు, ఒక స్విచ్చి గీస్తే చాలు కదక్కా!"

"బ్యాటరీకి బల్బు కట్టి ఏం చేసేది? ఎవరికి పనికొస్తాది?"

కొన్ని నెలలకు మళ్ళీ రాసింది. ఈసారి బ్యాటరీ, బల్బు మాత్రమే గీసింది. పాసయ్యింది. ఆమె పేరు ముందు సహాయకురాలు అనే మాట తీసేసి, శిక్షకురాలు అని రాసిన కాగితం మేనేజరమ్మ స్వయంగా తెచ్చి ఇచ్చింది. అక్క దాన్ని మడిచి బ్లౌజులో పెట్టుకుని, ఆ రోజు చేయాల్సిన జాయింట్ల పనికి వెళ్ళిపోయింది. సాయంత్రం బస్సు కోసం నిలబడ్డప్పుడు మాత్రం తీసి రెండుసార్లు చదువుకోవడం చూశాను.

ఆ తర్వాత పని పెరిగింది. మా దగ్గర నేర్చుకున్న వాళ్ళలో కొందరు ఫ్యాక్టరీలకు వెళ్ళారు. మోటార్లు తయారుచేసే చోట చుట్టే పనికి మా పిల్లలను అడిగి తీసుకుంటున్నారు. కొందరు ఇద్దరిద్దరుగా కలిసి సొంత దుకాణాలు పెట్టుకున్నారు. పెళ్ళయి వేరే ఊరు వెళ్ళిన ఒకమ్మాయి అక్కడ తన తోడికోడలికి నేర్పి జత చేసుకుంది. అందరూ నిలబడ్డారని చెప్పను. మానేసినవాళ్ళూ ఉన్నారు. నేర్చుకుని, ఇంట్లో ఒప్పుకోక, ఆవులు చూసుకుంటూ ఉండిపోయినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు కూడా మోటారు చెడితే ఎందుకు చెడిందో మెకానిక్‌కు తామే చెబుతున్నారట.

రెండేళ్ళ కిందట శ్రీనివాసపురం తాలూకా రాయల్పాడులో రెండో కేంద్రం మొదలుపెట్టారు. అక్కడంతా మామిడి తోటలు. కాయలు కోసే నెలల్లో ఎవరూ రారు. మొదటి ఏడాది అది తెలియక మే నెలలో తరగతులు పెట్టి, ఖాళీ గదిలో మేమిద్దరమే కూర్చున్నాం. రెండో ఏడు నుంచి కోతలు అయ్యాక మొదలుపెడుతున్నాం. మాకు అది దూరం కాబట్టి వారానికి మూడు రోజులు అక్కడే ఒక గది తీసుకుని ఉంటాం. మా పాప ఇప్పుడు పదో తరగతి దాటింది. నేను లేని రోజుల్లో తండ్రికీ తనకీ తనే వంట చేస్తుంది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ తీసుకుంటానంది. నేనేమీ చెప్పలేదు, తనే అడిగింది.

మొన్న ఒక సోమవారం మా అత్తగారికి ఒంట్లో బాగాలేక నేను ఒక పూట ఆలస్యంగా రాయల్పాడు చేరాను. అక్క అప్పటిదాకా ఎప్పుడూ ఒంటరిగా తరగతి నడపలేదు. బోర్డు ముందు నిలబడాలంటే ఆమెకు బెరుకు. ఎలా ఉందో ఏమోనని బస్టాండు నుంచి ఇంచుమించు పరుగెత్తుకుంటూ వెళ్ళాను. గది ఖాళీగా ఉంది. చాపలు పరిచి ఉన్నాయి, గొట్టాల్లో తీగలు సగం లాగి వదిలేసి ఉన్నాయి. బోర్డు మీద ఒక్క అక్షరం లేదు. ఊడ్చే ఆమెను అడిగితే, "అందరినీ తోడ్కోని ఆ మామిడి తోటకాడికి పోయినారమ్మా. యాడో మోటారు నిలిచిపోయిందంట" అంది.

వెళ్ళి చూశాను. తోట మధ్యలో పంపు గది. దాని ముందు పదిహేనుమంది ఆడవాళ్ళు గుండ్రంగా నిలబడి ఉన్నారు. మధ్యలో అక్క స్టార్టరు పెట్టె తలుపు తెరిచి, టెస్టరుతో ఒక్కొక్క తీగనూ చూపిస్తోంది. తోట యజమాని దూరంగా చెట్టు కింద చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ముందు మెయిన్ ఆపాల. ఆపినారా? ఎవరు ఆపినారు? చూసినారా ఆపింది? ఒగరు ఆపితే ఇంగొకరు చూడాల" అంటోంది అక్క.

వెనక వరుసలో ఒక చిన్నమ్మాయి కాలివేళ్ళ మీద నిలబడి తొంగిచూస్తోంది. ఆమెకు కనిపించడం లేదు. నేను ఆమె భుజం పట్టుకుని నా ముందుకు జరిపాను. అక్క నన్ను చూడలేదు. ఆమెకు ఆ సమయంలో స్టార్టరు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. నేను సంచీ నేలమీద పెట్టి, అందరితోపాటు నిలబడి విన్నాను.